బట్టీ ఆఖరున కొను, తమ్ముడూ

నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. వయసు ముప్పై ఒకటి, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, హనుమకొండలో సొంతిల్లు, కుండలు చేయడం నేర్పే మూడు వీకెండ్ వర్క్‌షాపులు చేసిన అనుభవం, చేతిలో మూడు లక్షలు. ఆ డబ్బుతో కుండలు కాల్చే ఎలక్ట్రిక్ బట్టీ కొని ఇంటి వెనక రేకుల షెడ్డులో స్టూడియో పెడితే బతకొచ్చా అని అడిగావు. ఊళ్లు తిరిగి పాత కుండలు కొంటున్నాను, సరిగ్గానే చేస్తున్నానా అని కూడా అడిగావు.

బతకొచ్చు. కానీ బట్టీ ఆఖరున కొను. ఎందుకంటున్నానో కాస్త వివరంగా చెప్తాను.

మాది పరకాల వైపు ఒక కుమ్మరి ఇల్లు. మా బాపు సారె మీద, అంటే కుమ్మరి చక్రం మీద, కడవలు, అటికలు, కంచుళ్లు చేసేవాడు. పెళ్లిళ్లకు ఐరేని కుండలు మా ఇంటి నుంచే పోయేవి. డప్పులతో వచ్చి, మా అమ్మ సున్నంతో, జాజుతో బొట్లు పెట్టిన కుండలకు మొక్కి ఎత్తుకుపోయేవాళ్లు. పంటలప్పుడు మేర కింద, అంటే చేసిన పనికి బదులుగా, వడ్లు వచ్చేవి. స్టీలు, ప్లాస్టిక్ వచ్చాక ఆ మేర ఆగిపోయింది. పాండిచ్చేరిలో నేర్చుకొచ్చిన ఒకాయన దగ్గర నేను రెండేళ్లు పనిచేసి స్టోన్‌వేర్, అంటే ఎక్కువ వేడికి కాల్చే గట్టి మట్టిపాత్రల పని, పట్టుకున్నాను. మన దేశంలో స్టూడియో పాటరీ అనగానే ముందు గుర్తొచ్చే పేర్లలో పాండిచ్చేరి ఒకటి. 1971లో రే మీకర్, డెబొరా స్మిత్ అక్కడ గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ పెట్టారు. అంతకుముందే ఢిల్లీలో గురుచరణ్ సింగ్ ఉన్నారు. మన వైపు ఈ పని చేసేవాళ్లు ఇప్పటికీ తక్కువే. నేను హనుమకొండలో స్టూడియో పెట్టి పంతొమ్మిదేళ్లయింది.

ముందు ఒక సంగతి అర్థం చేసుకో. మా బాపు చేసిన కుండ, నువ్వు వర్క్‌షాపులో చేసిన మగ్గు ఒకే జాతివి కావు. చెరువు మట్టి కుండ ఆవంలో, అంటే కుమ్మరి బట్టీలో, మహా అయితే 800, 900 డిగ్రీల దాకా కాలుతుంది. దాని గోడలో సన్నటి రంధ్రాలు మిగులుతాయి. ఆ రంధ్రాల్లోంచి నీళ్లు చెమ్మగా బయటికొచ్చి ఆవిరవుతాయి కాబట్టే ఎండాకాలం కుండలో నీళ్లు చల్లగా ఉంటాయి. స్టోన్‌వేర్ 1200 డిగ్రీలు దాటి కాలుతుంది. అప్పుడు మట్టిలోని ఖనిజాలు కొంత కరిగి గాజులా అతుక్కుంటాయి, రంధ్రాలు మూసుకుపోతాయి. నీకు తెలిసిన స్టోన్‌వేర్ మీ ఇంట్లోనే ఉంది. పైన గోధుమ రంగు, కింద తెలుపు ఉండే ఆవకాయ జాడీ. ఏడాదంతా ఉప్పు, పులుపు, నూనె నానినా చుక్క కారదు. మనోళ్లు మూడు తరాలుగా నమ్మిన గిన్నె అది. ఎవరైనా స్టోన్‌వేర్ అంటే ఏంటని అడిగితే నేను ఆ జాడీనే చూపిస్తాను.

ఈ తేడా నాకు పుస్తకంలో తెలియలేదు. మొదటి ఏడాది మా ఊరి చెరువు మట్టితోనే స్టోన్‌వేర్ చేస్తానని పట్టుబట్టాను. మన మట్టి, మన గ్లేజ్ (పైన వేసే గాజు పూత) అని మనసులో పెద్ద ఆశ. ఇరవై రెండు కప్పులు చేసి 1220కి కాల్చాను. రెండో రోజు బట్టీ మూత తీస్తే కప్పులు లేవు. షెల్ఫు మీద నల్లగా, మెరుస్తూ, పాకం ముదిరిన బెల్లంలా ఒక ముద్ద పరుచుకుని ఉంది. మధ్యలో ఒక్క చెవి మాత్రం పైకి లేచి ఉంది. చెరువు మట్టిలో ఇనుము ఎక్కువ, అది అంత వేడికి నిలబడదు, కరిగిపోతుంది. కప్పులతో పాటు షెల్ఫు కూడా పోయింది. బట్టీ అద్దెకిచ్చినాయనకు షెల్ఫు డబ్బులు కట్టాను. ఆ బట్టీ నాదే అయ్యుంటే దాన్ని వేడిచేసే కాయిల్స్ కూడా పోయుండేవి. అప్పుడు నా దగ్గర అప్పు తప్ప ఏమీ లేదు.

ఇంకోటి కూడా చెరువు మట్టిదే. ఈసారి బుద్ధిగా 950కే కాల్చి పూలకుండీలు, దీపంతలు చేశాను. బాగా వచ్చాయి, అమ్ముడుపోయాయి. పది రోజులకు ఒకావిడ కుండీ పట్టుకుని వచ్చింది. అడుగు దగ్గర గవ్వంత పెచ్చు లేచిపోయి, ఆ గుంట మధ్యలో తెల్లటి చుక్క ఉంది. తర్వాత ఇంకో నాలుగు వాపసొచ్చాయి. బాపుకు చూపిస్తే చూడగానే చెప్పాడు, "నత్తగుల్ల రా, మట్టి జల్లెడ పట్టలేదు నువ్వు." చెరువు మట్టిలో నత్తగుల్లల ముక్కలు ఉంటాయి. కాలినప్పుడు అవి సున్నం అవుతాయి. బయటికొచ్చాక గాలిలో తేమ తాగి ఉబ్బి, చుట్టూ ఉన్న మట్టిని పగలగొట్టుకుని వస్తాయి. కాల్చిన రోజు ఏమీ కనపడదు, వారం తర్వాత కనపడుతుంది. అప్పటి నుంచి చెరువు మట్టిని నీళ్లలో కలిపి, పల్చగా చేసి, సన్న జల్లెడలో రెండుసార్లు వడగట్టందే ముట్టను. ఐదుగురికీ డబ్బులు తిరిగిచ్చాను. వాళ్లలో ముగ్గురు ఇప్పటికీ నా దగ్గరే కొంటారు.

ఇక నీ విషయం. వర్క్‌షాపులో చేసిన పదకొండు రకాల ముక్కల ఫోటోలు పంపావు. గిన్నె, వాజు, మగ్గు, సబ్బుపెట్టె, అన్నీ ఉన్నాయి. అందంగానే ఉన్నాయి. కానీ ఒక ఏడాది పాటు ఒకే రూపం చెయ్యి. చాయ్ కప్పు తీసుకో. 380 గ్రాముల మట్టి తూకం వేసి ఉండలు చెయ్యి. వారానికి నలభై చెయ్యి, ముప్పై ఐదు మళ్లీ తొట్టిలో పడేసి నానబెట్టు, ఐదు ఉంచు. కాల్చకముందు మట్టి ఎన్నిసార్లయినా మళ్లీ వాడుకోవచ్చు కాబట్టి ఈ సాధనకు ఖర్చేమీ లేదు. మూడో నెలలో సారె మీద మట్టి నడిమికి రావడం నీ చేతికి తెలుస్తుంది. కళ్లు మూసుకున్నా అంచు వణకదు. ఆరో నెలలో చెవి సంగతి మొదలవుతుంది.

చెవి గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే కప్పును అమ్మేది అదే. తడి మట్టిని పొడుగు ముల్లంగిలా చేసి ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చేయి తడి చేసి పాలు పితికినట్టు కిందికి లాగుతూ పోతే పట్టీ వస్తుంది. ఆ పట్టీ మధ్యలో కాస్త మందం, అంచుల్లో పల్చన ఉండాలి. అతికించే చోట రెండు వైపులా గీతలు గీకి మట్టి నీళ్లు పూయాలి. కప్పు, చెవి ఒకే తడిలో ఉండాలి. కప్పు ఎక్కువ ఆరి, చెవి పచ్చిగా ఉంటే ఆరేటప్పుడు చెవి ఎక్కువ కుంచించుకుని అతుకు దగ్గర వెంట్రుకంత చీలిక ఇస్తుంది. కాలాక మొత్తం మీద నా మట్టి దాదాపు 12 శాతం చిన్నదవుతుంది. పది సెంటీమీటర్ల ఎత్తు చేస్తే 8.8 వస్తుంది. పచ్చిగా ఉన్నప్పుడు రెండు వేళ్లు హాయిగా పట్టిన చెవిలో కాలాక ఒకటిన్నర వేలే పడుతుంది. మొదట్లో నేను చేసిన కప్పులు ఆడవాళ్లు కొన్నారు గానీ మగవాళ్లు పట్టుకోలేకపోయారు. కప్పు అమ్మేటప్పుడు ఎదుటివాళ్లు ఏం చేస్తారో గమనించు. ముందు చెవిలో వేలు పెడతారు, తర్వాత పెదవి తగిలే అంచు మీద వేలు తిప్పుతారు, ఆఖరున తిరగేసి అడుగు చూస్తారు. రంగు గురించి మాట్లాడేది ఆ తర్వాతే.

ఈ ఏడాదిలో బట్టీ ఏం చేస్తావంటే, అద్దెకు తీసుకో. హైదరాబాద్‌లో షెల్ఫు లెక్కన కాల్చిపెట్టే స్టూడియోలు ఉన్నాయి. వారాంతంలో ఎలాగూ వస్తూ పోతూ ఉంటావు. పచ్చి సామాను వరిగడ్డిలో సర్ది కారులో తీసుకెళ్లు. నూట నలభై ఐదు కిలోమీటర్లు ప్రయాణం చేసి పచ్చి కప్పులు పగలకుండా చేరితే, ప్యాకింగ్ నేర్చుకున్నట్టే లెక్క.

ఆరబెట్టడం మన వైపు కాలాన్ని బట్టి మారుతుంది. ఏప్రిల్, మే నెలల్లో వడగాలికి అంచు గంటలో తెల్లబడుతుంది, అడుగు మాత్రం పచ్చిగానే ఉంటుంది. పళ్లేల అడుగు ఎస్ ఆకారంలో చీలేది ఆ నెలల్లోనే. ఆ రోజుల్లో ప్లాస్టిక్ కవరు కప్పి, పక్కన తడి గోనె సంచి పెట్టి నాలుగు రోజులు నెమ్మదిగా ఆరనివ్వాలి. శ్రావణంలో దీనికి పూర్తిగా రివర్స్. పది రోజులైనా ఆరదు. ఆరిందో లేదో చెంపకు ఆనించి చూడు. చల్లగా తగిలితే లోపల ఇంకా నీళ్లు ఉన్నట్టు. ఆ నీళ్లతో బట్టీలో పెడితే అవి ఆవిరై కప్పు గోడను పేల్చేస్తాయి, పక్కన ఉన్న నాలుగూ పోతాయి.

కాల్పు గురించి రెండు మాటలే. మొదటి కాల్పు, అంటే బిస్క్, 950 దగ్గర. తర్వాత గ్లేజ్ ముంచి రెండోది 1220 దగ్గర, నాకు పదకొండు గంటలు పడుతుంది. 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ ఒక్కసారిగా పరిమాణం మారుతుంది, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ అక్కడ నెమ్మదిగా పోవాలి. చల్లారడానికి ఒక రోజంతా వదిలెయ్యి. నేను ఒకసారి స్టాల్ టెన్షన్‌లో 240 దగ్గర మూత తెరిచాను. ఒక్కో పళ్లెం టింగ్, టింగ్ అని మోగడం మొదలుపెట్టింది. అప్పుడు వినడానికి బాగుంది. తెల్లారి చూస్తే పద్నాలుగింటిలో తొమ్మిదికి గ్లేజ్ మీద సాలెగూడు చీలికలు, రెండు నిలువునా పగిలాయి. ఇప్పుడు వంద కిందికి దిగందే చెయ్యి పెట్టను.

డబ్బు సంగతి దాచకుండా చెప్తాను, ఎందుకంటే నువ్వు అసలు అడిగింది అదే. ఇవి నా ఒక్కడి లెక్కలు. నెలకు రెండు గ్లేజ్ కాల్పులు చేస్తాను, ఒక్కో దాంట్లో అరవై ముక్కలు పడతాయి. నూట ఇరవైలో అమ్మదగ్గవి వంద. మిగతా ఇరవై వంకరవి, చీలినవి, గ్లేజ్ కారి షెల్ఫుకు అతుక్కున్నవి. కప్పు 450. సగం నేరుగా అమ్ముతాను, 22,500 వస్తుంది. సగం షాపుల ద్వారా, వాళ్లు నలభై శాతం తీసుకుంటారు, నాకు 13,500. మొత్తం 36,000. ఇందులోంచి కరెంటుకు 2,500, మట్టి రవాణాతో కలిపి 2,400, గ్లేజ్ సామాను, కాయిల్స్ అరుగుదల కింద 3,000, ప్యాకింగ్ 2,500, షెడ్డు అద్దె 6,000. చేతికి దాదాపు ఇరవై వేలు మిగులుతాయి. శని, ఆదివారాలు పిల్లలకు క్లాసులు చెప్తే ఇంకో పన్నెండు వేలు. దీపావళికి, డిసెంబర్‌కు రెట్టింపు అవుతుంది, జూన్‌లో సగం కూడా రాదు. నీ జీతంతో పోల్చుకోకు. మీ ఇంటి నెల ఖర్చుతో పోల్చుకో. నీకు అద్దె లేదు, అది పెద్ద బలం.

ధర పెట్టేటప్పుడు కొత్తవాళ్లు చేసే తప్పు ఒకటే. మట్టి ముప్పై రూపాయలు, కరెంటు ఇరవై, కాబట్టి కప్పు 150కి ఇస్తా అంటారు. పగిలిన ఇరవై ముక్కల ఖర్చు మంచి వంద ముక్కలే మోయాలి. నీ గంటల ఖర్చు కూడా అవే మోయాలి. తూకం నుంచి ప్యాకింగ్ దాకా ఒక్క కప్పుకు నా చేతిలో నలభై నిమిషాలు పోతాయి. 150కి అమ్మితే నిన్ను చూసి పక్కవాడూ తగ్గిస్తాడు, ఇద్దరూ మునుగుతారు.

షాపుకు సరుకు ఇచ్చేటప్పుడు చీటీ మీద రాయించుకో. ఎన్ని ముక్కలు, ఏ ధర, డబ్బు ఏ తారీకుకు, పగిలితే ఎవరిది. నేను మొదట్లో ఒక పెద్ద షాపుకు ఎనభై ముక్కలు నోటిమాట మీద ఇచ్చాను. ఎనిమిది నెలలు తిరిగాను. ఆఖరుకు ముప్పై ముక్కలు దుమ్ముతో వాపసిచ్చి, మిగతావి పగిలాయన్నారు. ఆ నెల పాప స్కూలు ఫీజు మా బామ్మర్ది కట్టాడు. అందుకే చెప్తున్నాను, ఎంత దగ్గరివాళ్లయినా చీటీ అడగడానికి మొహమాటపడకు.

నేరుగా అమ్మడంలో ఇంకో సుఖం ఉంది. ఒక డాక్టరమ్మ నా దగ్గర పెరుగు గిన్నె కొని నెల తర్వాత వచ్చి, మూత లోపలి అంచు మీద పెరుగు ఇరుక్కుంటోంది, కడగడానికి రావట్లేదు అన్నది. ఆ అంచు గుండ్రం చేశాను. ఇప్పుడు నా సరుకులో అన్నిటికంటే ఎక్కువ పోయేది ఆ గిన్నే. షాపు మధ్యలో ఉంటే ఆ మాట నా దాకా వచ్చేది కాదు.

అప్పు తీసుకునే పనైతే, చేతివృత్తులకు 2023లో వచ్చిన పీఎం విశ్వకర్మ పథకంలో కుమ్మరి పని కూడా ఉంది. మొదట లక్ష, తర్వాత రెండు లక్షల దాకా 5 శాతం వడ్డీకి ఇస్తారు, పనిముట్లకు 15,000. అయితే అది వృత్తి చేసుకుని బతికేవాళ్లకు. ఉద్యోగంలో ఉండి అప్లై చెయ్యకు. 

దుమ్ము గురించి ఎవరూ చెప్పరు కాబట్టి గట్టిగా చెప్తున్నాను. ఎండిన మట్టి దుమ్ములో సిలికా ఉంటుంది. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడతాయి, ఆ జబ్బుకు మందు లేదు. స్టూడియోలో చీపురు పెట్టకు, తడి గుడ్డతోనే తుడువు. గ్లేజ్ పొడి కలిపేటప్పుడు మంచి మాస్కు వేసుకో. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారని రాశావు, పని బట్టలతో వాళ్లను ఎత్తుకోకు. సీసం ఉన్న గ్లేజ్ ఎంత మెరిసినా, ఎంత చవకైనా తినే గిన్నె మీద వాడకు.

ఇక పాత కుండల సేకరణ. నువ్వు రాసిన వాటిలో రెండు నాకు నచ్చలేదు. మొదటిది, కోటిలింగాల దగ్గర చేన్లో దొరికాయని ఒకతను అమ్మిన ఎరుపు నలుపు పెంకులు కొన్నావు. కోటిలింగాల గోదావరి ఒడ్డున శాతవాహనుల కాలం ఊరు, అక్కడ వాళ్ల నాణేలు దొరికాయి. అలాంటి చోట పెంకు ఏ పొరలో, దేని పక్కన దొరికిందన్నదే దాని విలువ. సంచిలో వేసుకుని తెస్తే అది ఉత్త పెంకు. పైగా 1972 చట్టం ప్రకారం వందేళ్లు దాటిన ఇలాంటి వస్తువులు పురావస్తువులు, లైసెన్స్ లేకుండా వాటి వ్యాపారం చెయ్యకూడదు. భూమిలో దొరికిన విలువైన వస్తువు గురించి కలెక్టర్‌కు చెప్పాలని 1878 నుంచే చట్టం ఉంది. నీకు తెలియక కొన్నావు. వాటిని పురావస్తు శాఖకు అప్పగించు, ఎక్కడివని చెప్పాడో రాసివ్వు. ఆ పనితనం చూడాలనుంటే మ్యూజియంకు పో. లోపల, మూతి దగ్గర నలుపు, బయట కింద ఎరుపు ఎందుకుందో చూడు. కుండను బోర్లించి కాలిస్తే గాలి అందని చోటు నల్లబడుతుంది, గాలి అందిన చోటు ఎర్రబడుతుంది. రెండు వేల ఏళ్ల కిందటి కుమ్మరి గాలిని ఎటు పంపాలో తెలిసి చేసిన పని అది.

ఆ చేతి తెలివి చూడాలంటే పాలంపేట రామప్ప గుడికి కూడా పో. గర్భగుడి మీది శిఖరం ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక. 1213 నాటి గుడి అది. నేను మట్టిలో ఊక కలిపి చిన్న ఇటుకలు కాల్చి చూశాను. ఊక మండిపోయి ఖాళీలు మిగులుతాయి, బరువు బాగా తగ్గుతుంది. కానీ చేత్తో నలిపితే పొడి రాలింది. తేలిక, గట్టితనం రెండూ కలిసి రావడం నాకు ఇంకా చేతకాలేదు, మూడేళ్లుగా ప్రయత్నిస్తున్నాను.

రెండోది, ములుగు వైపు ఒక ముసలమ్మను ఒప్పించి కూరాడు కుండ కొన్నావు. అది అమ్మే వస్తువు కాదు, తమ్ముడూ. ఇంట్లో పెట్టుకుని మొక్కే కుండ, ఆ ఇంటి లక్ష్మి. వెయ్యి రూపాయలు ఆమెకు అవసరమయ్యి ఇచ్చుంటుంది. తీసుకెళ్లి ఇచ్చెయ్యి, డబ్బులు అడక్కు.

సేకరించాలనుంటే ఇప్పుడు బతికి ఉన్న చేతుల పని కొను. రంజన్లు, గురుగులు, కల్లు లొట్లు, గోలేలు, బోనం కుండలు, దీపంతలు, ఒక్కో ఊరి మూతి ఒక్కోలా ఉంటుంది. చేసినవాళ్లను అడిగి ఊరు, చెరువు, చేసిన నెల ఒక నోట్‌బుక్కులో రాసుకో, కుండ అడుగున పెన్సిల్‌తో నంబరు వెయ్యి. బేరం ఆడకు. పెద్ద కాగులు చేయగలిగినవాళ్లు మా చుట్టుపక్కల ఊళ్లలో ఇప్పుడు ఇద్దరే ఉన్నారు, ఇద్దరికీ అరవై దాటాయి. లోపల గుండ్రాయి ఆనించి, బయట చెక్కతో తట్టి గోడను పెంచే పని అది, సారె మీద ఒక్కదెబ్బకు రాదు. కొన్న కుండను అద్దాల బీరువాలో పెట్టకు, నీళ్లు పోసి వాడు. వాడుతుంటేనే ఏ మూతి ఎందుకలా ఒంగిందో తెలుస్తుంది, నీ కప్పు అంచుకు కూడా అది పనికొస్తుంది.

కొనేటప్పుడు వేలి గణుపుతో కొట్టి చూడు. కంగుమని మోగితే బాగా కాలింది. డబ్ డబ్ అంటే ఎక్కడో వెంట్రుకంత చీలిక ఉంది, లేదా సగం కాలింది.

వచ్చే శనివారం గ్లేజ్ కాల్పు పెడుతున్నాను, సోమవారం పొద్దున మూత తీస్తాను. సెలవు దొరికితే రా. నీ దగ్గరున్న మిగతా కుండలు కూడా తీసుకురా, ఒక్కోటి కొట్టి చూద్దాం. ఆ ఐదు కప్పులు చేసి ఉంటే అవి కూడా.